ఎడ్వర్డు జెన్నరు

ఏబది యేండ్లు పైబడిన పెద్దల చేతులను పరికించినచో, ముంజేతిమీదనో భుజముమీదనో పల్లముగా, గుండ్రముగా ఒకటి రెండు మచ్చలు కనబడును. క్షయకు వేయు టీకా మచ్చ వేరు, ఇది వేరు. ఇది మశూచికపు టీకా మచ్చ. మన పల్లెలలో ఆ వ్యాధిని పేరుపెట్టి పిలుచుటకు సైతము జంకి అమ్మవారు అనెడివారు. ఇంట నొకరికి అమ్మవారు పోసినచో గుమ్మమునకు వేపమండలు కట్టి, ఇంటిలో పోపులు మాని, పోలేరమ్మకు మ్రొక్కుకొని రేయింబవళ్లు కనిపెట్టుకొని యుండెడివారు. పోయినవారు పోగా, బ్రదికినవారిలో కొందరికి కన్నులు పోయెడివి. పలువురకు ముఖమంతయు గుంటలు పడెడిది. ఆ వ్యాధి నేడు భూమండలమున ఎచ్చటను లేదు. దానికి మొదటి అడ్డుకట్ట వేసినవాడు మహానగరపు పండితుడు కాడు. ఇంగ్లండు దేశమున ఒక చిన్న యూరిలో వైద్యము చేసికొనుచుండిన ఎడ్వర్డు జెన్నరు. అతడు చేసిన మేలు ఎంత పెద్దదో, దానిపై రేగిన వాదము కూడ అంత పెద్దది. ఆ వాదము అతనితో ముగియలేదు. అందు న్యాయమంతయు అతని పక్షముననే లేకపోవుట గమనింపదగినది.

జెన్నరు 1749వ సంవత్సరము మే 17వ తేదీన గ్లాస్టరుషైరు మండలములోని బర్క్లీ గ్రామమున జన్మించెను. తండ్రి ఆ యూరి చర్చి గురువు. తొమ్మండుగురు సంతానములో ఇతడు ఎనిమిదవవాడు. అయిదేండ్ల ప్రాయముననే తల్లియు తండ్రియు గతింపగా అన్నలు, అక్కలు పెంచిరి. ఆ ప్రాంతము పాడికి పేరుగన్నది. పచ్చిక బయళ్లు, ఆవుల మందలు, వెన్న, జున్ను. ఇవియే అచ్చటి జనుల బ్రతుకు. పసివాడు పొలముల వెంబడి తిరిగి పక్షుల గూళ్లను, రాళ్లలోని ప్రాచీన జీవుల గురుతులను పోగుచేయుచుండెను.

ఎనిమిదవ యేట అతనికి మశూచికము అంటించిరి. ఇది విన నేటివారికి వింతగా తోచవచ్చును. ఆ కాలమున టీకా యనగా అదియే. తేలికగా వచ్చిన రోగి పొక్కునుండి రసి తీసి ఆరోగ్యవంతుని చర్మము గీరి అందులో నుంచెడివారు. వానికి వ్యాధి వచ్చును గాని సాధారణముగా తేలికగా వచ్చును; తరువాత జన్మలో మరల రాదు. మన దేశమున వంగ, ఉత్కళ ప్రాంతములలో ఈ పని వృత్తిగా చేయువారు పూర్వమునుండియే కలరు. టీకా అను మాట ఆ పాత పద్ధతి పేరే. తురక దేశమున దీనిని చూచిన మేరీ వర్ట్‌లీ మాంటేగ్యూ అను దొరసాని 1721లో లండనులో తన కుమార్తెకు చేయించినది మొదలు ఇంగ్లండున ఇది వ్యాపించెను. కాని ఇందు రెండు ముప్పులుండెను. నూటికి ఒకరిద్దరు దానివలననే చనిపోవుచుండిరి. అంటించుకొన్నవాడు తేలికగా గట్టెక్కినను, వానినుండి ప్రక్కవానికి అసలు మహమ్మారియే సోకవచ్చును. జెన్నరును ఈ పనికై వారముల తరబడి పస్తులుంచి, నెత్తురు తీసి, నీరసింపజేసి, తక్కిన పిల్లలతో కూడ ఒక గుఱ్ఱపుసాలలో నుంచిరి. బ్రదికి బయటపడెను గాని ఆ దినములను అతడు మరచిపోలేదు. చాలకాలము వరకు సరిగా నిద్రపట్టక, చిన్న చప్పుడునకే ఉలికిపడుచుండెను.

పదునాలుగేండ్ల ప్రాయమున చిప్పింగు సాడ్‌బరీలో లడ్లో అను శస్త్రవైద్యునియొద్ద శిష్యుడుగా చేరి, 1770లో లండను వెళ్లి, సుప్రసిద్ధుడైన జాన్ హంటరునొద్ద చదివెను. హంటరు శిష్యులకు నేర్పిన ముఖ్యపాఠము, ఊహించుచు కూర్చుండక చేసి చూడవలెననునది. గురుశిష్యుల స్నేహము 1793లో హంటరు చనిపోవువరకు ఉత్తరముల మూలమున సాగెను. లండనులో నుండగా కెప్టెన్ కుక్కు మొదటి సముద్రయాత్రనుండి తెచ్చిన వస్తువులను వర్గీకరించుటలో జెన్నరు తోడ్పడెను. రెండవ యాత్రకు తమతో రమ్మని పిలిచినను పోక, స్వగ్రామమునకు తిరిగివచ్చి గుఱ్ఱమెక్కి ఊరూర తిరుగు వైద్యుడయ్యెను. 1788లో కేథరీన్ కింగ్స్‌కోటును వివాహమాడెను.

మశూచికముతో సంబంధము లేకున్నను ఇతడు చేసిన యొక పరిశోధనను ఇచ్చట చెప్పవలసియున్నది. మన కోయిల కాకి గూటిలో గ్రుడ్లు పెట్టునని పసిపిల్లలకును తెలియును. ఇంగ్లండులోని కోకిల చిన్నపిట్టల గూళ్లలో పెట్టును. కోకిలపిల్ల పెరుగు గూటిలో ఆ పిట్ట సొంత పిల్లలు మాత్రము మిగులవు. అవి ఏమగును? పెంచు పిట్టయే వానిని త్రోసివేయునని జెన్నరు మొదట వ్రాసి రాయల్ సొసైటీకి పంపెను. 1787 వేసవిలో మరల ఒక గూటిని కనిపెట్టియుండగా, కన్నులైన తెరవని కోకిలపిల్లయే తన వీపుమీది చిన్న పల్లములోనికి ప్రక్కపిల్లను ఎత్తుకొని గూటి అంచు దాటించి పడద్రోయుట చూచెను. వెంటనే తాను పంపిన వ్యాసమును వెనుకకు తీసికొని, తన తప్పును దిద్దుకొని, కొత్తది వ్రాసెను. అది 1788లో అచ్చయ్యెను. మరుసటి యేడు అతడు రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. చాలమంది నమ్మలేదు. ఇంత పసికూన ఇంత పని చేయునా యని నవ్విరి. 20వ శతాబ్దమున ఛాయాచిత్రములు, చలనచిత్రములు తీసిన పిమ్మటగాని ఆ నవ్వులు ఆగలేదు.

బర్క్లీ పరిసరముల పాడిరైతులలో ఒక మాట తరతరములుగా వాడుకలో నుండెను. ఆవుల పొదుగులమీద అప్పుడప్పుడు పొక్కులు లేచును. పాలు పితుకువారి చేతులకు అవి అంటుకొనును. కొద్ది దినములు జ్వరము, చంకలో బిళ్ల కట్టుట, తరువాత మాని మచ్చపడుట, అంతియే. ఇట్లు గోమశూచికము వచ్చినవారికి అసలు మశూచికము రాదని ఆ జనులు గట్టిగా నమ్ముచుండిరి. వైద్యులు దీనిని మోటువారి మాటగా త్రోసివేయుచుండిరి. జెన్నరు మాత్రము వినెను. మశూచికము అంటించుటకై పల్లెలకు పోయినపుడు కొందరికి ఎన్నిమారులు గీరినను అది పట్టకుండుట అతడు చూచుచునేయుండెను. విచారింపగా వారు పూర్వము పాలు పితికినవారే. ఆ సంగతి అతడు చుట్టుప్రక్కల వైద్యులు విందునకు గూడుకొను సంఘములో పదే పదే ఎత్తుచుండగా, వారు విసిగి, ఆ మాట మానకున్నచో సంఘమునుండి వెలివేయుదుమని సగము హాస్యముగా బెదరించిరి.

ఈ నమ్మికను చేతలలో పెట్టినవారిలో జెన్నరు మొదటివాడు కాడు. డార్సెటు మండలమున బెంజమిన్ జెస్టీ అను రైతు 1774లో, ఊరిలో మశూచికము వ్యాపించగా, మేజోళ్లు అల్లెడి సూదితో ఆవు పొక్కుల రసిని తన భార్యకును ఇద్దరు కుమారులకును అంటించెను. ఇరుగుపొరుగువారు అతనిని పశువుకన్న హీనముగా చూచిరి. అతడు శాస్త్రజ్ఞుడు కాడు. తన కుటుంబము దక్కినది చాలునని ఊరకుండెను. జెన్నరు గొప్పతనము పరీక్షించుటలోను, వ్రాసిపెట్టుటలోను, పదిమంది యెదుట నిలబెట్టుటలోను ఉన్నది.

1796 మే 14వ తేదీన ఆ పరీక్ష జరిగెను. సారా నెల్మ్స్ అను పాలుపితుకు పడుచునకు బ్లాసమ్ అను ఆవునుండి చేతికి పొక్కులు లేచెను. జెన్నరు ఆ పొక్కునుండి రసి తీసి, ఎనిమిదేండ్ల జేమ్స్ ఫిప్స్ అను కూలివాని కొడుకు చేతిమీద రెండు చిన్న గీతలు గీసి అందులో నుంచెను. ఏడవనాడు చంకలో కొంచెము నొప్పి, తొమ్మిదవనాడు చలి, తలనొప్పి. మరునాటికి పిల్లవాడు ఆడుకొనసాగెను. జూలై 1వ తేదీన జెన్నరు ఆ పిల్లవానికి అసలు మశూచికపు రసినే అంటించెను. వ్యాధి రాలేదు. తరువాతి యేండ్లలో పలుమార్లు అంటించినను రాలేదు.

నేటి ధర్మము ప్రకారము ఇట్లు చేయుట తగదు. పేదవాని బిడ్డపై ప్రాణాంతకమగు వ్యాధిని ప్రయోగించుటకు ఏ వైద్యసంఘమును నేడు ఒప్పుకొనదు. జెన్నరు పక్షమున చెప్పదగినది ఒక్కటే. జూలైలో అతడు చేసినది ఆనాడు ఇంగ్లండంతట పిల్లలకు చేయుచుండిన పాత టీకాయే. ఎనిమిదవ యేట గుఱ్ఱపుసాలలో తాను పొందినదియు అదియే. అయినను ఆ పిల్లవాని ఋణము అతనిపై నుండెను. దానిని అతడు ఎరిగియుండెనని తరువాతి కథ తెలుపును.

జెన్నరు తన ఫలితమును వ్రాసి రాయల్ సొసైటీకి పంపగా వారు అచ్చువేయక, ఇంత స్వల్పమైన నిదర్శనముతో ఇంత పెద్ద మాట చెప్పి కోకిల వలన సంపాదించుకొన్న పేరును పోగొట్టుకొనవలదని హితవు చెప్పిరి. ఒక్క పిల్లవాని సాక్ష్యము చాలదనుట తప్పు కాదు. మరల పరీక్షింపబోగా, ఆ ప్రాంతపు ఆవులలో ఆ పొక్కులే కనబడకుండ పోయెను. దాదాపు రెండేండ్లు వేచియుండవలసివచ్చెను. 1798 వసంతమున అవి మరల రాగా, ఒక బిడ్డ చేతినుండి మరియొక బిడ్డకు, వానినుండి వేరొకనికి వరుసగా వేసి, శక్తి తగ్గకుండుట చూచెను. అంతట 23 నిదర్శనములతో 75 పుటల పుస్తకమును రంగుల పటములతో స్వంత ఖర్చున అచ్చువేయించెను. లాటిను భాషలో ఆవునకు వాకా యని పేరు. వాక్సిను అను మాట దానినుండి పుట్టినదే.

పుస్తకము అచ్చగుచుండగా లండనులో మూడు నెలలుండి ఎవరైన ముందునకు వచ్చెదరా యని చూచెను. ఒక్కడును రాలేదు. ఊరికి తిరిగి వచ్చిన పిమ్మట, అతడిచ్చిన రసిని హెన్రీ క్లైను అను శస్త్రవైద్యుడు ఒక పిల్లవానిపై ప్రయోగించి, తరువాత మశూచికము పట్టకుండుట చూచి ఆశ్చర్యపడెను. లండను వచ్చినచో యేటికి 10,000 పౌనులు సంపాదింపవచ్చునని అతడు జెన్నరునకు వ్రాసెను. జెన్నరు పోలేదు. తన పల్లె, తన తోట, తన పక్షులు చాలుననెను.

ఇక లండను వైద్యులు చేతికి తీసికొనిరి, చిక్కులు మొదలయ్యెను. వుడ్‌విల్ అను వైద్యుడు మశూచికపు ఆసుపత్రిలోనే వందలకొలది జనులకు కొత్త టీకాలు వేసెను. ఆ గదులలో అసలు వ్యాధియు నుండుటచే రసి కలుషితమై, పలువురకు ఒడలంతయు పొక్కులు లేచెను. జెన్నరు చెప్పినదంతయు బూటకమని ఒకరు, ఇది పాత టీకాకు వేరొక పేరని ఒకరు ఆడిపోసికొనిరి. పియర్సన్ అను మరియొక వైద్యుడు తానే టీకాల సంస్థను నెలకొల్పి, అందు జెన్నరునకు ఉత్తరములు వ్రాయు సభ్యత్వమును మాత్రము ఇవ్వజూపెను!

వీధులలో నడచిన వాదము వేరు. పశువు రసము మనిషి నెత్తురులో కలిసినచో మనిషి పశువగునని బెంజమిన్ మోస్లీ అను వైద్యుడు వ్రాసెను. విలియం రౌలీ అను వైద్యుడు 1805లో తన పుస్తకమున ఒక బాలుని బొమ్మ వేయించి, టీకావలన వాని ముఖము ఎద్దు ముఖముగా మారుచున్నదని ప్రచురించెను. జేమ్స్ గిల్రే అను చిత్రకారుడు 1802లో గీసిన వ్యంగ్యచిత్రములో, టీకాలు వేయించుకొన్నవారి ముక్కులనుండియు చేతులనుండియు దూడలు పుట్టుకొని వచ్చుచుండును. ఆ బొమ్మను చూచి నవ్వనివాడు లేడు. నవ్వినవారిలో భయపడనివాడును అరుదు. మశూచికము దైవము పంపిన శిక్ష గనుక దానికి అడ్డుపడరాదని కొందరు మతబోధకులు చెప్పిరి. ఇందుకు ఎదురుగా రోలండు హిల్ అను బోధకుడు ప్రసంగము ముగిసిన వెంటనే వేలకొలది జనులకు తన చేతులతోనే టీకాలు వేసెను. కావున దీనిని మతమునకును శాస్త్రమునకును జరిగిన పోరుగా చెప్పుట సులభమే గాని నిజము కాదు. పాత టీకాలవలన జీవించు వైద్యులు తమ రాబడి పోవునని చేసిన అల్లరియు ఇందు తక్కువ కాదు.

ఇంతలో రసి దేశదేశములకు ప్రయాణము చేసెను. దారమునకు పట్టించి, గాజుపలకల నడుమ నుంచి పంపెడివారు. దూరము మిక్కిలి యైనచో ఎండకు చెడిపోవును. స్పెయిన్ రాజు 1803లో అమెరికా ఖండపు రాజ్యములకు ఓడను పంపునపుడు 22 మంది అనాథ బాలురను ఎక్కించి, దారిపొడవున ఇద్దరిద్దరికి వంతున టీకా వేయుచు, సజీవముగా దానిని చేర్చిరి. ఆ పసివారిని అడిగి ఎక్కించినవారు లేరు.

మన దేశమునకు వియన్నా, కాన్‌స్టాంటినోపులు, బాగ్దాదు, బస్రాల మీదుగా బొంబాయికి చేరెను. 1802 జూన్ 14వ తేదీన అచ్చట మూడేండ్ల ఆనా డస్థాల్ అను బాలికకు వేసిన టీకా పట్టినది. ఆమె చేతినుండి ఇతర పిల్లలకు, అటనుండి పూనా, సూరతు, హైదరాబాదు, సింహళము, మదరాసులకు ప్రాకెను. ఇంగ్లండులో ఆవు పశువని ఏవగించుకొనిరి. ఇచ్చట ఆవు తల్లియే గనుక ఆ చిక్కు ఉండదని తెల్లదొరలు తలచిరి. కాని ఇచ్చటి చిక్కు వేరు. ఒకరి చేతి రసి మరియొకరికి వేయవలసియుండుటచే ఎవరి చేతిది, ఏ కులమువారిది అను ప్రశ్న లేచెను. అదిగాక పాత టీకాలు వేయువారు పూజ, పథ్యము, మంచిమాట కలిపి వేసెడివారు. కొత్తవాడు సర్కారు బంట్రోతువలె వచ్చి చేయి పట్టుకొని గీరి పోయెడివాడు. పిల్లలను దాచిన తల్లులను మూఢురాండ్రని నిందించుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను. ఏమైనను కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో చందాలు పోగుచేసి 7,000 పౌనులకు పైగా జెన్నరునకు పంపిరి. ఉత్తర సర్కారులును దత్తమండలములును అప్పటికి మదరాసు రాజధానిలోనివే.

ఆ ధనము అతనికి అవసరమే. జెన్నరు తన పద్ధతిని దాచుకొని అమ్ముకొనలేదు. అడిగినవారికెల్ల రసిని పంపుచు, ఉత్తరములకు జవాబులు వ్రాయుచు, ప్రపంచమునకంతకు టీకాల గుమాస్తానైతినని వాపోవుచుండెను. వైద్యవృత్తి వెనుకబడెను. 1802లో పార్లమెంటు 10,000 పౌనులిచ్చెను. ఇరువది వేలీయవలెనను సవరణ కొద్ది ఓట్ల తేడాతో వీగిపోయెను. 1807లో వైద్యుల కళాశాల అనుకూలముగా నివేదించిన పిమ్మట మరి 20,000 పౌనులిచ్చిరి. ఇంగ్లండుతో యుద్ధము చేయుచున్న నెపోలియను సైతము జెన్నరు విన్నపముపై కొందరు ఆంగ్లేయ ఖైదీలను విడిచిపెట్టెను. ఇన్ని గౌరవములు వచ్చుచున్నను అతడు బర్క్లీలో తన తోటలోని చిన్న గుడిసెలో పేదలకు ఉచితముగా టీకాలు వేయుచునే యుండెను. ఆ గుడిసెకు టీకాల గుడి యని పేరు పెట్టుకొనెను. జేమ్స్ ఫిప్స్ పెరిగి పెండ్లియాడగా అతనికి అద్దె లేకుండ ఒక ఇల్లిచ్చి, దాని ముంగిట గులాబి మొక్కలను తన చేతులతో నాటెను.

ఇక అతని లోపము చెప్పవలెను. ఒక్కసారి టీకా వేసినచో జీవితాంతము రక్షణ కలదని జెన్నరు లోకమునకు మాట యిచ్చెను. ఏండ్లు గడచినకొలది, టీకాలు వేయించుకొన్నవారికి మశూచికము వచ్చినదను వార్తలు రాసాగెను. తల్లిదండ్రులు చెప్పిరి, పల్లెవైద్యులు వ్రాసిరి. జెన్నరు వినలేదు. ఆవుల పొక్కులలో అసలైనది ఒకటి, నకిలీది ఒకటి కలదనియు, వీరికి వేసినది నకిలీది కావలెననియు, లేదా తగిన దినమున రసి తీయలేదనియు జవాబు చెప్పెను. కొన్ని సందర్భములలో అది నిజమే. కాని టీకా పనిచేసినచో అసలైనదనియు, పనిచేయనిచో నకిలీదనియు చెప్పు వాదమునకు ఓటమి యెన్నడును ఉండదని ప్రతిపక్షులు ఎత్తిచూపిరి. ఆ మాటకు అతనియొద్ద సరియైన సమాధానము లేకపోయెను. 1811లో గ్రోవెనరు ప్రభువు కుమారునికి, పసికందుగా నున్నపుడు జెన్నరే స్వయముగా టీకా వేసిన పదేండ్ల బాలునికి, తీవ్రముగా మశూచికము వచ్చెను. లండను అంతయు అట్టుడికినట్లుడికెను. బాలుడు బ్రదికెను, టీకాలున్న అతని తోబుట్టువులకు వ్యాధి సోకలేదు. టీకాయే ప్రాణము కాపాడినదని జెన్నరు చెప్పెను. అందు సత్యము కలదు. టీకా బలము కాలక్రమమున తగ్గును, మరల వేయవలెనను సత్యమును మాత్రము అతడు తుదివరకు అంగీకరింపలేదు. కోకిల విషయమున తన తప్పును తానే దిద్దుకొన్నవాడు, పాలుపితుకువారి మాటను చెవినొగ్గి విన్నవాడు, పేరు వచ్చిన పిమ్మట అట్టివారి మాటనే త్రోసివేయుట విచారకరము. పదేండ్లుగా ఎద్దు ముఖముల బొమ్మలు చూచి చూచి, ఎదురు చెప్పినవారందరును ఒక్కటేయని అతనికి తోచియుండవచ్చును.

చివరి దినములు సుఖముగా గడువలేదు. పెద్ద కుమారుడు 1810లోను, భార్య 1815లోను క్షయవ్యాధితో చనిపోయిరి. లోకమునకు ఒక వ్యాధిని మాన్పినవాడు తన యింటనున్న వ్యాధికి ఏమియు చేయలేకపోయెను. భార్య పోయిన తరువాత అతడు బర్క్లీ విడిచి పెద్దగా కదలలేదు. 1823 జనవరి 26వ తేదీన పక్షవాతమున మరణించెను. ఊరి చర్చిలో, తలిదండ్రుల ప్రక్కన సమాధి చేసిరి. అంత్యక్రియలకు వచ్చినవారిలో జేమ్స్ ఫిప్స్ ఉండెను.

జెన్నరు అంగీకరింపని సత్యమును ఆచరణలో పెట్టినవారు జర్మనులు. వర్టెంబర్గులోను, 1834 నుండి ప్రష్యాలోను సిపాయిలకు మరల టీకాలు వేయించిరి. 1870లో ఫ్రాన్సుతో యుద్ధము జరిగినపుడు ఫ్రెంచి సైన్యమున మశూచికమునకు వేలమంది చావగా, జర్మను సైన్యమున చచ్చినవారు కొన్ని వందలే. ఇంగ్లండున 1840లో పాత టీకాను నిషేధించి, 1853లో పసిపిల్లలకు కొత్త టీకాను నిర్బంధము చేసిరి. వేయింపనివారికి జుల్మానాలు, జైలు. దీనితో వాదము మరల రగిలెను. ఈమారు ఎద్దు ముఖముల మాట లేదు. తన బిడ్డ దేహముపై సర్కారుకు అధికారమేమి అను ప్రశ్న వచ్చెను. 1885లో లెస్టరు నగరమున వేలకొలది జనులు ఊరేగి జెన్నరు బొమ్మను ఉరితీసిరి. డార్విన్‌తో సమముగా పేరుగన్న వాలెసు వంటి శాస్త్రజ్ఞుడే టీకాలకు విరోధిగా పుస్తకములు వ్రాసెను. చేతినుండి చేతికి రసి తీయుటలో సవాయివంటి రోగములు అంటుకొనుచున్నవని విరోధులు చేసిన ఫిర్యాదు కొన్ని చోట్ల నిజమని తేలెను. అందుచేతనే ఆ పద్ధతి మాని, దూడలపై పెంచిన మందు వాడుకలోనికి వచ్చెను. 1898లో, మనస్సాక్షి ఒప్పనివారికి శిక్ష లేకుండ చట్టమును సవరించిరి.

గుఱ్ఱముల కాళ్లకు వచ్చు యొక జాడ్యమునుండి ఈ పొక్కులు ఆవులకు వచ్చినవని జెన్నరు పుస్తకమున వ్రాసిన మాటను స్నేహితులే నవ్వి త్రోసివేసిరి. 1902 నాటి పాత టీకామందును 2017లో పరీక్షింపగా అందలి వైరసు ఆవు మశూచికము కన్న గుఱ్ఱపు మశూచికమునకు మిక్కిలి దగ్గరగా నున్నదని తేలినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1967లో తుదిపోరు మొదలుపెట్టెను. 1974లో బీహారు మొదలగు ప్రాంతములలో వ్యాధి భయంకరముగా చెలరేగెను. అప్పుడు కార్యకర్తలు అందరికిని గ్రుడ్డిగా టీకాలు వేయుట కన్న, ఇంటింటికి తిరిగి, సంతలలోను బడులలోను బొమ్మ చూపించి ఇట్టివానిని ఎచ్చటనైన చూచితిరా యని అడిగి, జాడ చెప్పినవారికి బహుమానమిచ్చి, రోగియున్న యింటి చుట్టును మాత్రము రెండు మొనల సూదితో టీకాలు వేసిరి. పల్లెవారి మాటయే మరల పనికివచ్చెను. 1975 తరువాత మన దేశమున మశూచికము లేదు. 1977 అక్టోబరులో సోమాలియా దేశమున సహజముగా వచ్చిన చివరి రోగి కనబడెను. 1980 మే 8వ తేదీన వ్యాధి సమసిపోయినదని ప్రకటించిరి.

ఆ వైరసు ఇప్పుడు రెండు చోట్ల మాత్రమే, అమెరికాలోని అట్లాంటాలోను రష్యాలోని కోల్ట్‌సొవోలోను, గట్టి కాపలాలో శీతలపేటికలలో ఉన్నది. దానిని కూడ కాల్చివేయవలెనని కొందరు, ముందెన్నడైన మందులు కనుగొనుటకు అవసరమగును గనుక ఉంచవలెనని కొందరు వాదించుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సభలో ఆ విషయము పలుమార్లు చర్చకు వచ్చి, పలుమార్లు వాయిదా పడినది.